నాకు కూడా చెప్పలేదు

సుందరరామమూర్తి గారు కాఫీ ముట్టుకోలేదు.

పంకజం దాన్ని మళ్లీ వేడిచేసి తెచ్చి ఆయన ముందు పెట్టింది. పార్లమెంటులో జనసమాఖ్య పార్టీ నాయకుడు ఢిల్లీ నుంచి తొలి విమానంలో దిగి, పార్టీ ఆఫీసుకు కూడా పోకుండా నేరుగా చెన్నై తొండియార్‌పేటలో తమ ఇంటికి వచ్చాడంటే అది పలకరింపు కోసం కాదని ఆమెకూ తెలుసు. కానీ వచ్చిన మనిషి ముందు కాఫీ చల్లారిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాదు.

"తాగండి సార్. మాటలు యాడికీ పోవు."

"తాగుతానమ్మా," అన్నాడాయన, తాగకుండానే. ఆయన చూపంతా ఎదుటి సోఫాలో కూర్చున్న కార్తీక మీదే ఉంది.

గోడవారగా నిలబడ్డ పంకజం కొడుకు జయరామ్‌కు ఎవరి పక్కన కూర్చోవాలో తెలియలేదు. కార్తీక అతని భార్య, ఈ ప్రాంతపు ఎంపీ. సుందరరామమూర్తి అతనికి రాజకీయం నేర్పిన గురువు. తనేమో అదే పార్టీకి జిల్లా కార్యదర్శి. ఉన్న ఒక్క ఖాళీ కుర్చీ వాళ్లిద్దరి మధ్యా ఉంది. అందుకే నిలబడ్డాడు.

టీపాయ్ మీద నిన్నటి పేపరు పరిచి ఉంది. ఎన్నూరు రేవుకు గ్యాస్ తెస్తూ కొన్ని వారాల కిందట దూరపు సముద్రంలో క్షిపణి తగిలి పేలిపోయిన ఓడ బొమ్మ మొదటి పేజీలోనే వేశారు. ఆ ఓడ వస్తున్న దారిని, దాన్ని కొట్టిన మిత్రదేశానికి చెప్పింది మన తీరంలోని నిఘా కేంద్రమేనని రాశారు. శత్రువులకు ఆయుధాలు మోసే ఓడ అనుకుని వాళ్లు పొరపాటున కొట్టారట. అదంతా కట్టుకథ అని ప్రభుత్వం సాయంత్రానికల్లా ఖండించింది.

"మళ్లీ అడుగుతున్నాను కార్తీకా. పత్రికవాళ్లతో నువ్వు మాట్లాడావా?"

"లేదు సార్."

"నీ సెక్రటరీ?"

"ఆమెకు చెప్పేదానికి ఏముంది?"

"ఏమీ లేదంటావా, ఉన్నా చెప్పలేదంటావా?"

కార్తీక చిన్నగా నవ్వింది. "బాగా అడిగినారు సార్. దానికీ జవాబు చెప్పను."

రక్షణ వ్యవహారాల పార్లమెంటరీ కమిటీలో ఆమె సభ్యురాలు. తలుపులు మూసుకుని కూర్చునే కమిటీ అది. లోపల విన్నది బయట చెప్పనని ప్రమాణం చేసి లోపలికి పోవాలి. పార్టీ నాయకుడికి కూడా ఆ గదిలోకి ప్రవేశం లేదు. ఆయన కోపంలో సగం అదేనేమోనని జయరామ్‌కు అనిపించింది.

"సరే. పేపరు సంగతి పక్కన పెడదాం. మిత్రదేశంతో సమాచారం పంచుకునే బిల్లు మీద సోమవారం ఓటు సంగతి చెప్పు."

"వ్యతిరేకంగా వేస్తాను."

"విప్ జారీ అయిందమ్మా. ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది."

"తెలుసు సార్."

"నువ్వు అడిగిన సవరణ నేనే మంత్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఒప్పుకోలేదు. ఏం చేయమంటావు?"

"యుద్ధంలో ఉండే దేశానికి ఒక ఓడ జాడ చెప్పేముందు, దాంట్లో మన పిల్లోళ్లు ఎవరైనా ఉండారా అని చూసి చెప్పండి అన్నాను. అంతే గదా నేనడిగింది. సమాచారమే ఇవ్వొద్దని అన్నానా? ఆ ఒక్క వాక్యం చేర్చితే నేనే ముందు చెయ్యెత్తుతాను."

సుందరరామమూర్తి లేచాడు. "జయరామ్, ఒకసారి పైకి వస్తావా?"

*

మేడ మీద ఆరేసిన చీరల మధ్య నుంచి హార్బరు క్రేన్లు కనిపిస్తున్నాయి. కింద మెయిన్ రోడ్డులో కంటైనర్ లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగి హారన్లు కొడుతున్నాయి. ఆయన పిట్టగోడకు ఆనుకున్నాడు. రాజమండ్రి మాట ఆయనది. ఢిల్లీలో ఇన్నేళ్లున్నా మారలేదు.

"నేను దుర్మార్గుణ్ని అనుకుంటున్నావా?"

"అట్లా ఎప్పుడన్నా అనుకున్నానా సార్?"

"చూడు. ఆ దేశం మనకిచ్చే సమాచారంతోనే మన సరిహద్దులో కుర్రాళ్లు ప్రాణాలతో ఉన్నారు. మనం ఇవ్వకపోతే వాళ్లు మాత్రం ఎందుకిస్తారు? ఇక పార్టీ అంటావా, ప్రతి ఎంపీ తన మనసు చెప్పినట్టు ఓటేస్తానంటే రేపు మన మాటకు ఢిల్లీలో విలువేముంటుంది? ఎన్నూరు చేపలవాళ్ల పరిహారం కోసం నేను మంత్రుల గదుల చుట్టూ తిరిగినప్పుడు, నా వెనక అందరి ఓట్లూ ఉన్నాయనే కదా వాళ్లు కుర్చీ వేశారు."

జయరామ్ కాదనలేకపోయాడు. కాదనడానికి ఏమీ కనిపించలేదు కూడా. అంబత్తూరులో తను పనిచేసే ఫ్యాక్టరీ మూసేసి కార్మికుల్ని గేటు బయట నిలబెట్టినప్పుడు, ఎక్కడో ఉన్న ఈ మనిషే వచ్చి వాళ్లతోపాటు ఎండలో కూర్చున్నాడు. గుంపులో ఎవరి మాట వాళ్లు మాట్లాడితే యజమాని గెలుస్తాడని ఆరోజే చెప్పాడు. ఆ మాట మీదే జయరామ్ ఇంతకాలం నడిచాడు. ఇప్పుడు సొంతంగా లేత్ షెడ్డు నడుపుకుంటున్నా ఆ పాఠం మరిచిపోలేదు.

"సాయంత్రం జిల్లా కమిటీ పెట్టించాను. కార్తీక మీద క్రమశిక్షణ చర్యకు తీర్మానం. అది నువ్వే ప్రతిపాదించాలి. నువ్వు ప్రతిపాదిస్తే ఇంకెవరూ నోరెత్తరు, పార్టీ చీలదు."

"సార్..."

"సీటు ఖాళీ అయితే ఈ గడప దాటనివ్వను. అభ్యర్థివి నువ్వే. ఆ మాట పైవాళ్లతో అనేసి వచ్చాను."

జయరామ్ క్రేన్ల వైపు తిరిగాడు. ఆ మాట విన్నప్పుడు తన గుండె ఒక్కసారి సంతోషంగా కొట్టుకున్న సంగతి అతనికి తెలిసింది. వెంటనే సిగ్గేసింది.

*

కార్తీక గదిలో ఢిల్లీకి పెట్టె సర్దుకుంటోంది. జయరామ్ తలుపు దగ్గరగా వేసి మంచం చివర కూర్చున్నాడు.

"సోమవారం జ్వరమని పండుకుంటే?"

"పోకపోయినా అదే తప్పంట. పోయే చేసేది మేలు."

"పేపరు చూసి గదా నాకు తెలిసింది కార్తీ. కట్టుకున్నోడికి పేపరు చూస్తే తెలిసింది."

ఆమె మడతపెడుతున్న చీర ఒళ్లోనే ఆగింది. ఓడ పేలిన వారం నుంచి వాళ్ల మధ్య ఈ మౌనం నడుస్తోంది. ఒకే ఇంట్లో తిని, ఒకే మంచం మీద పడుకుని, వాన గురించీ కరెంటు గురించీ మాట్లాడుకుంటూ రోజులు దొర్లించారు.

"పేపరోళ్లు రాసింది నిజమని నేను మీకు చెప్పినానా?"

"చెప్పలా."

"అబద్ధమని చెప్పినానా?"

"అదీ చెప్పలా. అదే గదా నా బాధ."

"ప్రమాణం చేసేటప్పుడు, మా ఆయనకు తప్ప ఇంకెవరికీ చెప్పనని చేయలేదండీ నేను."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అలసట మాత్రం ఉంది. జయరామ్ తల దించుకున్నాడు.

"తీర్మానం నన్నే పెట్టమంటాండాడు సార్."

"ఊహించినా." ఆమె చీరను పెట్టెలో పెట్టింది. "పెట్టండి. మీ పార్టీ మీది. నేను నా ఓటు ఎట్లా వేస్తానో మీరు చెప్పలేదు. మీరు మీ చెయ్యి ఎట్లా ఎత్తాలో నేనూ చెప్పను. ఇంటికొచ్చినాక మొహం తిప్పుకోను. అంత మటుకు నమ్మండి."

వంటింటి గుమ్మంలో పంకజం కాచుకుని ఉంది. కొడుకు చొక్కా మార్చుకుని వస్తుంటే అడ్డం నిలబడింది.

"నీ పెండ్లాం మీద నువ్వే తీర్మానం పెట్టేదానికి పోతాండావా?"

"పార్టీ అమ్మా అది."

"నాకు చెప్పొద్దు పార్టీ సంగతి. ఎలక్షన్లో ఈ వీధుల్లో తిరిగింది నేను. పార్టీ పేరు చెప్తే తలుపు తీయలేదు. కార్తీక వచ్చిందంటే తీసినారు, కూర్చోబెట్టినారు, మజ్జిగ ఇచ్చినారు."

"ఆమెకు సీటు ఇచ్చింది ఎవరు? పార్టీ గదా."

"ఇచ్చిందిలే. దాంతోపాటు నోటికి తాళం కూడా ఇచ్చినారని మాకు తెలీకపాయె."

అతను పక్కకు తప్పుకుని మెట్లు దిగాడు. పంకజం వెనక నుంచి మళ్లీ పిలవలేదు. పిలిచి ఉంటే బాగుండేదనిపించింది.

*

పార్టీ ఆఫీసు మేడ మీద హాలు నిండిపోయింది. జిల్లా కమిటీ వాళ్లే కాదు, వార్డు సభ్యులు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. పాప్పాత్తి వాళ్లలోనే ఉంది. ఆమె కొడుకు సెల్వం ఆ గ్యాస్ ఓడలో పనిచేసేవాడు. పేలుడు తర్వాత దహనం చేయడానికి కూడా ఏమీ దొరకలేదు. భర్త కాలం నుంచీ పార్టీ సభ్యురాలు. ఏ మీటింగూ తప్పింది కాదు. ఈరోజూ తప్పలేదు.

ఇంట్లో తెలుగు, సభలో తమిళం. చెన్నైలో తరతరాలుగా ఉంటున్న జయరామ్ కుటుంబానికి అది అలవాటు. అతను తమిళంలోనే సభను ప్రారంభించాడు. యువజన విభాగం నాయకుడు మణిమారన్ ఆగలేక ముందే లేచాడు.

"పార్టీ గెలిపిస్తే రహస్యాలు పేపరుకు అమ్ముకుంటారా? ఎంపీ అయితే మాత్రం శిక్ష లేదా?"

కొందరు బల్లలు చరిచారు. కొందరు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. వేదిక మీద సుందరరామమూర్తి కళ్లతోనే సైగ చేశాడు. జయరామ్ తీర్మానం కాగితం చేతిలోకి తీసుకుని చదవసాగాడు.

"పార్టీ విప్‌ను ధిక్కరిస్తానని చెప్పినందుకు, దేశ భద్రతకు సంబంధించిన రహస్యాన్ని పత్రికలకు వెల్లడించి..."

అక్కడ ఆగాడు.

మంచినీళ్లు అందించారు. తాగాడు. మళ్లీ కాగితం చూశాడు. అదే వాక్యం. మొదటి సగం నిజం. అది అతను చదవగలిగాడు. రెండో సగం దగ్గరికి వచ్చేసరికి, ఇన్నాళ్లూ తనను కాల్చిన ఆ మౌనం గుర్తొచ్చింది. అడగొద్దని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్న ఆ వీపు గుర్తొచ్చింది. అప్పటిదాకా అది తనకు జరిగిన అవమానం అనుకున్నాడు. ఇప్పుడు, ఇంతమంది ముందు నిలబడితే, అది ఇంకోలా కనిపించింది.

కాగితం బల్లమీద పెట్టేశాడు.

"విప్ సంగతి పార్టీ చూసుకోనివ్వండి. కానీ ఈ రెండో మాట నేను చదవలేను," అన్నాడు. "రహస్యం బయటపెట్టిందట. ఎవరికి బయటపెట్టింది? ఓడ పేలిన వారం ఢిల్లీలో కమిటీ ముగించుకుని ఇంటికి వచ్చింది. అన్నం పెడితే తినలేదు. వచ్చిన కాళ్లతోనే పాప్పాత్తి అక్క ఇంటికి పోయింది. అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏమైందని నేను అడిగాను. అడగొద్దంది. మా అమ్మ అడిగింది. అమ్మకూ అదే మాట. కోప్పడ్డాను, అలిగాను, మాట్లాడటం మానేశాను. ఒక్క ముక్క చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు. మీరందరూ పేపర్లో చదివిందే నేనూ చదివాను. కట్టుకున్న భర్తకు చెప్పని మనిషి పేపరు వాళ్లకు చెప్పిందంటే నేను నమ్మను. మీరు నమ్మితే చెయ్యెత్తండి. మొదటి చెయ్యి మాత్రం నాది కాదు."

ఒక మూల నుంచి చప్పట్లు మొదలయ్యాయి. హాలంతా అందుకున్నారు. మణిమారన్ కాసేపు అటూ ఇటూ చూసి, ఎత్తిన గొంతు దించుకుని కూర్చున్నాడు. తర్వాత అతనూ చప్పట్లు కొట్టాడు.

జయరామ్ ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్ల రాజకీయంలో ఎన్నో వేదికలెక్కాడు. తన భార్య గురించి ఇంత గర్వంగా ఎక్కడా మాట్లాడలేదు. ఆమె ఎంపీగా గెలిచిన రోజున కూడా.

చప్పట్లు తగ్గాక వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. పాప్పాత్తి నిలబడి ఉంది.

"తంబీ, ఒకటి అడుగుతాను."

"అడగండి అక్కా."

"ఆ రోజు ఆమె నా దగ్గర కూర్చుని ఏడిస్తే, నా బిడ్డ పోయినందుకు ఏడుస్తోంది అనుకున్నాను. కమిటీ నుంచి వచ్చి ఏడ్చిందంటున్నావు." ఆమె మాటలు వెతుక్కుంది. "అంటే వాడి ఓడ దారి ఇక్కడి నుంచే చెప్పారని, ఆ కమిటీలో విని వచ్చి ఏడ్చిందా?"

జయరామ్ చెయ్యి బల్ల మీది కాగితం మీదికి పోయింది. ఫోన్లు ఇంకా ఎత్తే ఉన్నాయి.

సుందరరామమూర్తి కళ్లజోడు తీసి పట్టుకున్నాడు. ఎవరికీ వినపడనంత మెల్లగా, తెలుగులో అన్నాడు: "ఏం మాట్లాడావో తెలిసిందా నీకు, జయరామ్?"

ఓటింగ్ జరగలేదు. సభ దానంతటదే విడిపోయింది. పాప్పాత్తి అందరికంటే ముందే మెట్లు దిగి వెళ్లిపోయింది.

*

అతను ఇల్లు చేరేసరికి వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. హాల్లో కార్తీక ఫోనులో అతని ప్రసంగమే చూస్తోంది. పక్కన పంకజం కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంది. కొడుకును చూడగానే లేచి వచ్చి చెంప నిమిరింది. వంటింట్లోకి వెళ్లింది.

కార్తీక ఫోను పక్కన పెట్టింది.

"బాగా మాట్లాడినారు."

"కార్తీ, నేను..."

"నిజంగానే చెప్తాండా. నా గురించి ఎవరూ ఇట్లా మాట్లాడలేదు. ఇంకెవరూ మాట్లాడరు కూడా."

"కానీ చెప్పేసినాను గదా."

"చెప్పేసినారు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆ ఓడ మాట కమిటీలో వచ్చిందని నిన్నటి దాకా ఒక్కరూ అనలేదు. పేపరోళ్లు వేరే యాడనో పట్టుకుని రాసినారు. గవర్నమెంటు లేదనేసింది. ఇప్పుడు ఎంపీ మొగుడు, కమిటీ నుంచి వచ్చి మా ఆవిడ ఏడ్చిందన్నాడు. ఏదో వినకపోతే ఎందుకు ఏడుస్తుంది?"

"నిన్ను కాపాడాలనుకున్నా."

"కాపాడినారండీ. నేను పేపరుకు అమ్ముకోలేదని ఈ ఊరు నమ్మింది. అది మీవల్లే." ఆమె అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె తనంతట తాను అతన్ని తాకింది. "ఇంక ఢిల్లీలో నన్నడిగేది ఓటు గురించి కాదు. ప్రమాణం గురించి."

ఫోను మోగింది. కమిటీ అధ్యక్షుడి పేరు తెర మీద కనిపించింది. ఆమె చూసింది, తీయలేదు. ఆగింది. మళ్లీ మోగింది.

"సార్ దగ్గరికి పోయి, నేను ఊరికే ఆవేశంలో అన్నానని చెప్పేదా?"

"వద్దు. నిజం చెప్పి దాన్ని అబద్ధం చేయొద్దు. నాకోసం అసలే వద్దు."

వీధిలో మాటలు వినిపించాయి. పంకజం కిటికీలోంచి చూసి వెనక్కి తిరిగింది. "పాప్పాత్తి వచ్చింది. వెనకాల వీధి వీధంతా ఉండారు. నేను చెప్పి పంపేదా?"

"వద్దత్తా. నేనే పోతా."

"ఏం చెప్తావు?" అన్నాడు జయరామ్.

"అవునంటే ప్రమాణం పోతుంది. కాదంటే ఆమె మొహం ఇంక చూడలేను." కార్తీక చీర చెంగు సవరించుకుంది. "దాక్కుంటే మటుకు రెండూ పోతాయి."

ఆమె తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. జయరామ్ వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు. ఎదుట ఎంతమంది ఉన్నా వంగని ఆ భుజాలను చూస్తే, అంత భయంలోనూ అతనికి గర్వంగా అనిపించింది.

పాప్పాత్తి లోపలికి రాలేదు. మెట్టు కింద నుంచే రెండు చేతులూ చాచి కార్తీక కుడిచేతిని అందుకుంది.

"తాయీ, నా తల్లీ, నువ్వు నోరు తెరవొద్దు," అంది పాప్పాత్తి. "నీ ప్రమాణం సంగతి విన్నాను. నీకు కష్టం తేవడానికి రాలేదు. నేను ఒక్కటే అడుగుతాను. నా సెల్వం దారి మనవాళ్లే చెప్పి ఉంటే, నా చెయ్యి వదలకు. కాకపోతే వదిలెయ్యి. మాట అక్కర్లేదు. ఇంక ఎవర్నీ ఏమీ అడగను."

గుంపులో ఎవరో ఫోను పైకెత్తారు. ఇంకొకరు దాన్ని కిందికి దించారు.

కార్తీక కళ్లు పాప్పాత్తి ముఖం మీదే ఉన్నాయి. జయరామ్ మాత్రం భార్య చేతినే చూస్తూ నిలబడ్డాడు.